ఒకసారి పోయే ఫైలు ఇంకోసారి ఎందుకు మొండికేస్తుంది?

పెళ్లిళ్ల సీజన్ దాటాక హన్మకొండ, వరంగల్ ఫోటో స్టూడియోల్లో కంప్యూటర్లకు ఒకటే పని పడుతుంది. పాత ఆల్బమ్‌ల ఫోల్డర్లు తీసేసి డిస్క్‌లో జాగా చేయాలి. ఫైళ్లన్నీ ఎంచి డిలీట్ కొడితే చాలావరకు పోతాయి, రెండో మూడో పోవు. కాసేపాగి కొడితే అవీ పోతాయి. డీటీపీ సెంటర్‌లో పొద్దున కదలని ఫ్లెక్స్ డిజైన్ ఫైలు మధ్యాహ్నానికి ఏ పేచీ లేకుండా పోతుంది. అందుకే దీన్ని ఎవరూ పట్టించుకోరు. రీస్టార్ట్ చేస్తారు, పని అవుతుంది, మళ్లీ వారానికి అదే కిరికిరి.

ఫైలు ఎప్పుడూ పోకపోతే కారణం పట్టుకోవడం తేలిక. అనుమతి ఉండదు, లేదా పాత్ (డ్రైవ్ నుంచి ఫైలు దాకా ఉన్న పేర్ల వరుస) మరీ పొడుగై ఉంటుంది, లేదా కార్డు లాక్ అయి ఉంటుంది. ఇవి పొద్దునా సాయంత్రం ఒకేలా ఉంటాయి. ఒకసారి పోయి ఒకసారి పోకపోతే మాత్రం కారణం ఫైలులో లేదని అర్థం. ఆ క్షణానికి దాన్ని ఎవరో పట్టుకుని ఉన్నారు, లేకపోతే డిస్క్ అప్పుడప్పుడు మాట వినడం లేదు. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా ఏ మందు వేసినా గాలిలో రాయి వేసినట్టే. రీస్టార్ట్‌తో వచ్చే చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఫైలును పట్టుకున్న ప్రోగ్రామ్ రీస్టార్ట్‌తో పోతుంది, దాంతో సాక్ష్యమూ పోతుంది.

పట్టుకోవడం అంటే ఏమిటి

విండోస్‌లో ఏ ప్రోగ్రామైనా ఫైలును తెరిచేటప్పుడు రెండు సంగతులు చెప్పాలి. తాను ఆ ఫైలుతో ఏం చేయబోతోందన్నది ఒకటి. అది తన దగ్గరున్నంతసేపు మిగతావాళ్లు ఏం చేయవచ్చన్నది రెండోది. ఈ రెండోదానిలో మూడు విడి అనుమతులున్నాయి: చదవడం, రాయడం, డిలీట్ చేయడం. హోటల్లో చాయ్ తాగుతూ పేపర్ చదివే మనిషి పక్కవాణ్ని తొంగిచూడనిస్తాడు గానీ చింపుకుపోనివ్వడు కదా, చాలా ప్రోగ్రాములదీ అదే తీరు. చదవనిస్తాయి, డిలీట్ చేయనివ్వవు. అప్పుడు విండోస్ 32వ నంబరు ఎర్రర్ ఇస్తుంది. తెర మీద అది 'ఫైల్ ఇన్ యూజ్' అనే డబ్బాగా కనిపిస్తుంది, కొన్నిచోట్ల 80070020 అనే కోడ్ వస్తుంది. ఇలా తెరిచి పెట్టుకున్న పట్టునే హ్యాండిల్ అంటారు.

కొన్ని ప్రోగ్రాములు డిలీట్ అనుమతి కూడా ఇచ్చే ఫైలును తెరుస్తాయి. అప్పుడు జరిగేది ఇంకా తికమక. పాత విండోస్‌లలో డిలీట్ ఆదేశం చెల్లుతుంది, ఎర్రర్ రాదు. కానీ చివరి హ్యాండిల్ మూసేదాకా ఫైలు పేరు ఫోల్డర్‌లో అలాగే కనిపిస్తుంది. తెరవబోతే 'యాక్సెస్ డినైడ్' అంటుంది, అంటే 5వ నంబరు. కాసేపటికి దానంతటదే మాయమవుతుంది. విండోస్ 10కు తర్వాత వచ్చిన అప్‌డేట్లలో ఎన్‌టీఎఫ్‌ఎస్ (హార్డ్ డిస్క్‌లకు విండోస్ మామూలుగా వాడే ఫార్మాట్) డ్రైవ్‌ల మీద ఈ తీరు మారింది, పేరు వెంటనే పోతుంది. పెన్ డ్రైవ్‌ల మీద ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లలో మాత్రం పాత పద్ధతే. ఒకే కంప్యూటర్‌లో డీ డ్రైవ్‌లో ఒకలా, ఎఫ్ డ్రైవ్‌లో ఇంకోలా ఎందుకని అడిగేవాళ్లకు చాలాసార్లు ఇదే జవాబు.

'డైరెక్టరీ ఖాళీగా లేదు' అనే ఎర్రర్ కూడా దీని పిల్లే. నంబరు 145, కోడ్ 80070091. లోపలి ఫైళ్లన్నిటికీ డిలీట్ ఆదేశం వెళ్లింది, ఒకటి మాత్రం ఇంకా ఎవరి చేతిలోనో వేలాడుతోంది. ఫోల్డర్ తెరిచి చూస్తే ఈలోపు అదీ పోయి ఉంటుంది. ఖాళీ ఫోల్డర్‌ను ఖాళీగా లేదంటుందేమిటని మనిషి బిత్తరపోతాడు. రెండోసారి కొడితే పోతుంది.

ఎవరెవరు పట్టుకుంటారు

తెరిచి పెట్టిన వర్డ్, ఫోటోషాప్ సంగతి అందరికీ తెలుసు. తెలియకుండా పట్టుకునేవాళ్లే ఇక్కడ ముఖ్యం.

మొదటి అనుమానం ఫైల్ ఎక్స్‌ప్లోరర్ మీదే పెట్టుకోవాలి. డిలీట్ చేయమని మనం చెప్పేదీ దానికే, ఫైలును పట్టుకుని కూర్చునేదీ చాలాసార్లు అదే. వీడియో, పీడీఎఫ్, పెద్ద ఫోటో మీద ఒకసారి క్లిక్ చేస్తే చాలు, కుడివైపు ప్రివ్యూ పేన్ తెరిచి ఉన్నప్పుడు అది ఆ ఫైలును తెరుస్తుంది. థంబ్‌నెయిల్ బొమ్మ తయారు చేయడానికి కూడా తెరవక తప్పదు. ఈ పని తరచుగా 'కామ్ సరొగేట్' అనే పేరుతో నడిచే సహాయక ప్రాసెస్ చేస్తుంది. సగం కాపీ అయి ఆగిపోయిన వీడియోల దగ్గర ఇది ఇరుక్కుపోతుంది. బొమ్మ రాదు, పట్టూ వదలదు. పరీక్షించడం సులువు. ఆల్ట్, పి కలిపి నొక్కి ప్రివ్యూ పేన్ మూయండి, వ్యూ మెనూలో 'డీటెయిల్స్' పెట్టండి, ఫోల్డర్ మూసి మళ్లీ తెరిచి డిలీట్ కొట్టండి. ఇప్పుడు పోతే దొంగ దొరికినట్టే. వీడియోలతో నిండిన ఫోల్డర్లను ఎప్పుడూ డీటెయిల్స్‌లోనే ఉంచుకోవడం స్టూడియోలకు మంచి అలవాటు.

రెండోది యాంటీవైరస్. కొత్తగా వచ్చిన ప్రతి ఫైలునూ అది తెరిచి చూస్తుంది. చిన్న ఫైలుకు రెప్పపాటు, అనేక గిగాబైట్ల జిప్‌కు చాలాసేపు పడుతుంది. అందుకే కాపీ అయిన వెంటనే, లేదా జిప్ విప్పిన వెంటనే డిలీట్ చేస్తే మొండికేసి, చాయ్ తాగి వచ్చాక పోతుంది. వెతుకులాట కోసం ఫైళ్ల జాబితా రాసుకునే సెర్చ్ ఇండెక్సర్‌దీ ఇదే వరస. ఇది ఎక్కువగా డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ లాంటి ఫోల్డర్లలో తిరుగుతుంది. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ లాంటి సింక్ ప్రోగ్రాములు అప్‌లోడ్ చేస్తున్నంతసేపు ఫైలును పట్టుకోగలవు. డిలీట్ చేసిన ఫైలు మళ్లీ ప్రత్యక్షమైతే ముందు వీటినే చూడాలి.

యాంటీవైరస్ మీద అనుమానం వస్తే దాన్ని మొత్తంగా ఆపేయడం తెలివైన పని కాదు, మనలాంటి సెంటర్లలో అయితే అసలే కాదు. రోజుకు ఎన్నో పెన్ డ్రైవ్‌లు వచ్చిపోతుంటాయి. ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, దాన్నొక్కదాన్నే యాంటీవైరస్ చూడకుండా వదిలేసే ఎక్స్‌క్లూజన్ జాబితాలో పెట్టి, సతాయించే పని అందులో కొన్నిసార్లు చేసి చూడాలి. అక్కడ ఒక్కసారీ మొండికేయకపోతే తేలిపోయినట్టే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మాత్రం ఎన్నడూ ఆ జాబితాలో పెట్టొద్దు. గడువు తీరిన పాత యాంటీవైరస్ అన్‌ఇన్‌స్టాల్ అయ్యాక కూడా ప్రతి ఫైలునూ మధ్యలో ఆపి చూసే దాని ఫిల్టర్ డ్రైవర్ మిగిలి ఉండి అడ్డుపడడం ఉంది. అలాంటప్పుడు ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్‌తోనే తీయాలి.

మూడో రకాన్ని డీటీపీ వాళ్లు ఎక్కువ చూస్తారు, తక్కువ అనుమానిస్తారు. ఫైలు మూసేశారు, ప్రోగ్రామ్ మాత్రం తెరిచే ఉంది. ఫైలు పోతుంది, ఫోల్డర్ పోదు. పెన్ డ్రైవ్ అయితే ఎజెక్ట్ కాదు. కారణం 'ఓపెన్', 'సేవ్ యాజ్' డబ్బాలు. వాటిలో ఒక ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైలు తెరిస్తే, ఆ ఫోల్డరే ఆ ప్రోగ్రామ్‌కు ప్రస్తుత ఫోల్డర్‌గా మారవచ్చు. ఫైలు మూసినా ఆ పట్టు పోదు. అదే డబ్బాలో ఇంకో డ్రైవ్‌లోని ఏదైనా ఫైలు తెరిస్తే వదులుతుంది, లేకపోతే ప్రోగ్రామ్ మూయాలి. కమాండ్ ప్రాంప్ట్ కిటికీ ఏ ఫోల్డర్‌లో నిలబడి ఉందో ఆ ఫోల్డర్‌కూ ఇదే గతి.

షేర్ చేసిన ఫోల్డర్లలో మన కంప్యూటర్‌లో వెతికి లాభం లేదు. పట్టు పక్క సిస్టమ్‌ది. ఫోల్డర్ నిజంగా ఉన్న కంప్యూటర్‌లో 'కంప్యూటర్ మేనేజ్‌మెంట్' తెరిచి, 'షేర్డ్ ఫోల్డర్స్' కింద 'ఓపెన్ ఫైల్స్' చూడండి. ఏ ఫైలు ఏ యూజర్ చేతిలో ఉందో అక్కడ కనిపిస్తుంది. కుడి క్లిక్‌తో మూయవచ్చు, కాకపోతే ఆ మనిషి సేవ్ చేయని పని పోతుంది. ముందు కేకేసి అడగడం మేలు. నెట్‌వర్క్ ఫోల్డర్లలో దాగి ఉండే 'థంబ్స్ డీబీ' ఫైలు కూడా ఫోల్డర్‌ను పోనివ్వదు. దాన్ని పట్టుకునేది ఆ ఫోల్డర్‌ను బొమ్మల రూపంలో చూస్తున్న ఎక్స్‌ప్లోరర్.

ఆ క్షణంలోనే పట్టుకోవాలి

ఎర్రర్ డబ్బా రాగానే 'క్యాన్సిల్' కొట్టకండి, 'ట్రై అగైన్' కూడా అప్పుడే వద్దు. డబ్బాను అలాగే వదిలి, స్టార్ట్‌లో 'రిసోర్స్ మానిటర్' అని వెతికి తెరవండి. సీపీయూ ట్యాబ్‌లో 'అసోసియేటెడ్ హ్యాండిల్స్' అనే పట్టీ ఉంటుంది. దాని వెతుకుడు గడిలో ఫైలు పేరులోని నాలుగైదు అక్షరాలు కొడితే చాలు, పట్టుకున్న ప్రాసెస్ పేరు వస్తుంది. ఇది విండోస్‌తోపాటే వచ్చే పరికరం, ఏదీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు.

రోజూ ఈ బాధ ఉంటే మైక్రోసాఫ్ట్ వాళ్లే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ వేసుకోవచ్చు. అందులో 2022లో చేరిన ఫైల్ లాక్‌స్మిత్‌తో ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే ఎవరు పట్టుకున్నారో చెబుతుంది. ఇంకా లోతుగా కావాలంటే సిస్‌ఇంటర్నల్స్ వారి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'ఫైండ్' మెనూలో పేరు వెతకాలి. అడ్మినిస్ట్రేటర్‌గా తెరవకపోతే సిస్టమ్ సర్వీసుల పట్టు కనిపించదు, ఎవరూ లేరనుకుని మోసపోతాం.

ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో హ్యాండిల్‌ను బలవంతంగా మూసే వీలుంది. అది ఆఖరి మార్గంగానే ఉంచండి. తన చేతిలోని పట్టును ఎవరో లాగేశారని ఆ ప్రోగ్రామ్‌కు తెలియదు. విండోస్ అదే హ్యాండిల్ నంబరును ఇంకో ఫైలుకు ఇస్తే, ప్రోగ్రామ్ పాత ఫైలనుకుని కొత్తదాని మీద రాసే ప్రమాదం ఉంది. హ్యాండిల్ బదులు ప్రోగ్రామ్‌నే మూయడం మంచిది. పట్టుకున్నది ఎక్స్‌ప్లోరర్ అయితే టాస్క్ మేనేజర్‌లో 'విండోస్ ఎక్స్‌ప్లోరర్' ఎంచి 'రీస్టార్ట్' నొక్కితే చాలు. టాస్క్‌బార్ ఒకసారి మాయమై తిరిగి వస్తుంది, కంగారు పడనక్కర్లేదు. 'అన్‌లాక్ చేస్తాం' అని ఇంటర్నెట్‌లో దొరికే చిన్నాచితకా టూల్స్‌లో కొన్ని వెంట అడ్వేర్ (ప్రకటనలు చూపి సతాయించే ప్రోగ్రాములు) మోసుకొస్తాయి. పైవి ఉండగా వాటి అవసరం లేదు.

పట్టుకున్నవాడి పేరు దొరకకపోతే వెంటనే రెండు పరీక్షలు. ఫైలు పేరు మార్చి చూడండి. పేరు మార్చడానికీ విండోస్ డిలీట్ హక్కే అడుగుతుంది కాబట్టి అదీ మొండికేస్తే పట్టో అనుమతో అడ్డుందని రూఢి. పేరు మారి, డిలీట్ మాత్రం కాకపోతే షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టండి. మామూలు డిలీట్ అంటే నిజానికి ఫైలును అదే డ్రైవ్‌లో దాగి ఉన్న రీసైకిల్ బిన్ ఫోల్డర్‌లోకి జరపడం. షిఫ్ట్‌తో కొడితే బిన్‌ను దాటి నేరుగా పోతుంది, తిరిగి రాదు, చూసుకుని కొట్టాలి. షిఫ్ట్‌తో పోయి మామూలుగా పోకపోతే ఆ డ్రైవ్‌లోని బిన్ ఫోల్డర్ పాడై ఉండవచ్చు. దాన్ని తీసేస్తే విండోస్ కొత్తది చేసుకుంటుంది, కానీ ఆ డ్రైవ్ బిన్‌లో ఉన్నవన్నీ పోతాయి.

షట్‌డౌన్ చేసినా వదలదేం?

చాలామంది రాత్రి షట్‌డౌన్ చేసి, పొద్దున ఆన్ చేసి, కొత్తగా మొదలైందనుకుంటారు. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే అది పూర్తి షట్‌డౌన్ కాదు. మన ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ కెర్నల్ (విండోస్ గుండెకాయ), డ్రైవర్ల స్థితి డిస్క్ మీద దాచి, పొద్దున అక్కడి నుంచే లేస్తుంది. డ్రైవర్‌లో ఇరుక్కున్న సమస్య అలాగే మిగులుతుంది. 'రీస్టార్ట్' మాత్రం ప్రతిసారీ మొత్తం కొత్తగా మొదలుపెడుతుంది. షట్‌డౌన్‌తో తగ్గనిది రీస్టార్ట్‌తో తగ్గితే ఇది గుర్తుంచుకోండి.

ఒకే కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు రెండూ వేసుకునే ఇంజినీరింగ్ విద్యార్థులకు దీనివల్లే ఇంకో చిత్రం ఎదురవుతుంది. విండోస్‌ను షట్‌డౌన్ చేసి ఉబుంటులోకి వస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్‌లోని ఫైళ్లు డిలీట్ కావు, రీస్టార్ట్ చేసి వస్తే అవుతాయి. దాచిన స్థితి ఉన్నందున ఉబుంటు ఆ డ్రైవ్‌ను చదవడానికి మాత్రమే ఇస్తుంది. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో 'పవర్ బటన్లు ఏం చేయాలి' అనే పేజీలో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేస్తే రెండు సమస్యలూ పోతాయి. బూట్ కొంచెం నెమ్మదిస్తుంది, ఎస్‌ఎస్‌డీ ఉంటే అదీ పెద్దగా తెలియదు.

పట్టు కాదు, డిస్క్ అయితే

వీటిని విడదీసే గుర్తు ఒకటుంది: ఎంతసేపట్లో కాదంటోంది? ఎవరో పట్టుకున్న ఫైలును, అనుమతి లేని ఫైలును విండోస్ వెంటనే కాదంటుంది. డిస్క్ సమస్య అయితే ముందు అంతా బిగుసుకుంటుంది. పచ్చగీత కదలదు, హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతుంది, చాలాసేపటికి ఎర్రర్ వస్తుంది లేదా ఏమీ జరగనట్టు పని అయిపోతుంది. 'ఫైలు పాడైంది, చదవడం కుదరదు' అంటూ 80070570 వస్తే ఇక అనుమానం లేదు, ఫైల్ సిస్టమ్‌నో డిస్క్‌నో చూడాల్సిందే.

మన దగ్గర దీనికి పెద్ద కారణం కరెంటు. ఎండాకాలం గాలిదుమారం లేవగానే సరఫరా పోతుంది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చి ఉంటుంది, కాపీ నడుస్తుండగానే సిస్టమ్ ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ తన పద్దును జర్నల్‌లో రాసుకుంటుంది కాబట్టి చాలావరకు తట్టుకుంటుంది. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకు ఆ జర్నల్ లేదు. పెన్ డ్రైవ్‌లో పిచ్చి అక్షరాల పేర్లతో, అసాధ్యమైన సైజుతో పోని ఫైళ్లు పుట్టేది అందుకే. మళ్లీ ఆన్ చేసినప్పుడు నల్లతెర మీద డిస్క్ చెక్ మొదలైతే ఏదో ఒక మీట నొక్కి దాటేయడం మనోళ్లకు అలవాటు. దాన్ని నడవనివ్వాలి. తర్వాతైనా డ్రైవ్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, 'చెక్' నొక్కితే అదే పరీక్ష జరుగుతుంది.

చెక్ నొక్కే ముందు డిస్క్ ఆరోగ్యం చూడడం మరవద్దు. ఈవెంట్ వ్యూయర్‌లో 'విండోస్ లాగ్స్', 'సిస్టమ్' తెరిచి, ఫైలు మొండికేసిన సమయం దగ్గర ఏముందో చూడండి. 'డిస్క్' పేరుతో 7 ఉంటే చెడిన సెక్టార్ (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడి), 153 ఉంటే ఒకసారి విఫలమై మళ్లీ ప్రయత్నించింది, 'ఎన్‌టీఎఫ్‌ఎస్' పేరుతో 55 ఉంటే ఫైల్ సిస్టమ్ నిర్మాణం దెబ్బతింది. సమయాలు కలిస్తే కారణం మీ కళ్ల ముందే ఉన్నట్టు. తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో మూడు వరుసలు చూడండి. 05 అంటే మార్చేసిన సెక్టార్లు, సీ5 అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు. ఇవి పెరుగుతుంటే ముందు డేటా కాపీ, ఆ తర్వాతే మిగతాదంతా. చచ్చే డిస్క్ మీద చెడిన సెక్టార్లు వెతికే పూర్తి స్కాన్ గంటల తరబడి నడిపితే డేటా దొరక్కముందే ప్రాణం పోవచ్చు.

మూడోది సీ7. దీన్ని చూసి డిస్క్ పారేసినవాళ్లూ ఉన్నారు, అన్యాయం. ఇది డిస్క్‌కు, మదర్‌బోర్డ్‌కు మధ్య డేటా తప్పుగా చేరిన లెక్క, ఎక్కువసార్లు దోషి సాటా కేబుల్. వదులైన కేబుల్, దుమ్ము పట్టిన కనెక్టర్ అప్పుడప్పుడే సతాయిస్తాయి. సరిగ్గా మనం వెతుకుతున్న లక్షణమే. సిస్టమ్ ఆపి, ప్లగ్ పీకి, కేబుల్ మార్చి, మదర్‌బోర్డ్ మీద వేరే పోర్టులో పెట్టండి. పాత లెక్క సున్నా కాదు, దాని గురించి దిగులొద్దు. ఇకముందు పెరుగుతుందా లేదా అన్నదే చూడాలి.

కెమెరా కార్డుల దగ్గర ఇంకా చిన్న కారణం ఉంటుంది. ఎస్‌డీ కార్డు పక్కనుండే లాక్ మీట అరిగి వదులైతే రీడర్‌లో పెట్టేటప్పుడు జారుతుంది. ఒకసారి 'రైట్ ప్రొటెక్టెడ్', తీసి పెడితే మామూలే. పెన్ డ్రైవ్‌లో డిలీట్ అయిన ఫైళ్లు పీకి పెట్టగానే తిరిగి వస్తుంటే, ఫార్మాట్ అయినట్టే కనిపించి కాకపోతే, లోపలి ఫ్లాష్ మెమరీ అరిగి, దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ రాతను ఆపేసి ఉండవచ్చు. దానికి రిపేరు లేదు, ఉన్నది కాపీ చేసుకుని పక్కన పడేయడమే.

ఎప్పుడూ పోనివి, క్లుప్తంగా

విండోస్ మళ్లీ వేశాక పాత డ్రైవ్‌లోని ఫోల్డర్లు అనుమతి అడిగితే, వాటి యజమాని ఇప్పుడు లేని పాత యూజర్. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లో ఓనర్‌ను మార్చి, లోపలివాటికీ వర్తించే టిక్ పెట్టాలి. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లకు ఈ అనుమతులే ఉండవు కాబట్టి అక్కడ 'యాక్సెస్ డినైడ్' అంటే వేరే కారణం వెతకాలి.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవాళ్లకు ఒక లెక్క తెలిసి ఉండాలి. మొత్తం పాత్ 260 అక్షరాలు దాటితే ఎక్స్‌ప్లోరర్ తడబడుతుంది. కానీ ఆ లెక్క కంటికి కనిపించే అక్షరాలది కాదు, యూనికోడ్ యూనిట్లది. గుణింతం, ఒత్తు విడివిడిగా లెక్కకొస్తాయి. 'లక్ష్మి' చూడ్డానికి రెండక్షరాలే, కంప్యూటర్‌కు ఏడు. 'పెళ్లి', 'రిసెప్షన్', 'ఎడిట్ చేసినవి' అంటూ ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే హద్దు త్వరగానే వస్తుంది. పైనుంచి ఒక్కో ఫోల్డర్ పేరును ఒకే అంకెకు కుదిస్తే లోపలివి పోతాయి.

ఇన్ని చేసినా పట్టుకున్నవాడి పేరు దొరకకపోతే 'సిస్టమ్ కాన్ఫిగరేషన్' తెరవండి. సర్వీసెస్‌లో ముందు 'మైక్రోసాఫ్ట్ సర్వీసులు దాచు' టిక్ పెట్టి మిగతావన్నీ ఆపి, టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ ప్రోగ్రాములూ ఆపి రీస్టార్ట్ చేయండి. సమస్య పోతే సర్వీసుల్లో సగం మళ్లీ ఆన్ చేసి చూడండి, తిరిగి వస్తే దోషి ఆ సగంలో ఉంది. అలా సగం సగం తగ్గించుకుంటూ పోతే నాలుగైదు రీస్టార్ట్‌లలో ఒక్క పేరు మిగులుతుంది. సమస్య అసలు పోకపోతే విండోస్ అత్యవసరమైనవాటితో మాత్రమే లేచే సేఫ్ మోడ్‌లో అదే ఫైలును డిలీట్ చేసి చూడాలి. అక్కడా వెంటనే కాదంటే అనుమతుల దగ్గరికి, బిగుసుకుని కాదంటే కేబుల్ దగ్గరికి వెళ్లండి.